నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో భూకంప అవగాహన

గట్టి రాతినేల కంపించదన్న నమ్మకం ఈ పల్లెల్లో బలంగా ఉంది. 2002 నాటి భూకంప పటం సైతం ఈ ప్రాంతాన్ని ప్రధానంగా తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలోనే చూపింది. అయితే 1993 సెప్టెంబరు 30న నేలమట్టమైన లాతూరు జిల్లా కిల్లారి, నాటి పటంలో అత్యల్ప ప్రమాద మండలంలోనిదే. అక్కడ సుమారు పదివేల మంది మరణానికి ప్రధాన కారణం మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలు, కప్పులపై మోపిన మట్టి బరువు. అటువంటి ఇళ్లు పాలమూరులోనూ ఉన్నాయి.

2020 జనవరి 26 వేకువజామున పూర్వ నల్లగొండకు చెందిన చింతలపాలెం ప్రాంతం కంపించింది. పరిమాణం 4 దాటింది. బల్ల కింద దూరమనే పట్టణపు సలహా బల్లలేని ఇంటికి అక్కరకు రాదు. గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లను అక్కడక్కడ ఇమిడ్చి కట్టడం, కప్పుపై మట్టిని తగ్గించడం మేస్త్రీలకు నేర్పవలసిన పనులు.