వైద్యశాలలకు ఒక నిఘంటువు

విజ్జేశ్వరం వద్ద బయలుదేరిన గోదావరి కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. బెజవాడ నుండి బయలుదేరిన కృష్ణ కాలువ పడమటి దిక్కు నుండి వచ్చి అదే ఊరిలో దానిని కలుసుకొంటుంది. రైళ్ళూ లారీలూ సరుకునంతా తమ వైపు లాగుకొనక పూర్వం గోదావరి ఒడ్డు నుండి బయలుదేరిన పడవలు ఈ మార్గాన బెజవాడ చేరి, అక్కడి నుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా చెన్నపట్టణం దాకా పోయేవి. కాలువ పొడుగునా నీటి మట్టం ఒకటిగా ఉండదు కనుక అక్కడక్కడ లాకులు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనుక తలుపు మూసి, ముందున్న మట్టానికి నీరు సమానమయ్యే దాకా ఆగి, ముందు తలుపు తెరుస్తారు. ఎగువ నీరు ఎగువనే, దిగువ నీరు దిగువనే ఉండిపోతుంది. పడవ మాత్రం దాటిపోతుంది.

ఈనాటి వైద్యశాలల మధ్య లేనిది సరిగా ఈ లాకే. కొల్లేటి లంకలో చేపల చెరువు మీద పనిచేసే ఒక స్త్రీని ఊహించుకొందాము. ఆమెకు మధుమేహం ఉన్నది. కాలి పుండు మానలేదు. మొదట ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు కట్టు కట్టాడు. తరువాత కైకలూరు, ఆ పైన ఏలూరు, అక్కడ కూడా కుదరక విజయవాడ. వెళ్ళిన ప్రతి పెద్ద ఆస్పత్రిలోనూ కంప్యూటరు ఉన్నది. ప్రతి చోటా ఆమె పేరూ వయసూ అడిగి మీటలు నొక్కుతారు. అయినను ప్రతి డాక్టరూ ఆమె కథను మొదటి నుండి వినవలసిందే, నెత్తురు మళ్ళీ తీయవలసిందే. ‘ఇంతకు మునుపు ఏ మందులు వాడావమ్మా?’ అని అడిగితే, ‘ఎర్ర మాత్రలండి, పొద్దున ఒకటి, సందేళ ఒకటి’ అంటుంది. ఆమె చంకలోని ప్లాస్టిక్ సంచిలో చీటీలున్నవి. సగం తడిసినవి, సగం మడతల దగ్గర చిరిగినవి. మన ప్రాంతంలో ఒక వైద్యశాల నుండి మరొక వైద్యశాలకు సమాచారాన్ని మోసే వాహనం ఈనాటికీ చాలవరకు ఆ సంచియే.

యంత్రాలు లేక ఈ దుస్థితి వచ్చినదా అంటే కాదు. ఒక యంత్రం చెప్పిన మాట మరొక యంత్రానికి బోధపడకపోవుటే అసలు చిక్కు. మాటలకూ అర్థాలకూ సంబంధించిన తగవు కనుకనే, తెలుగు పాఠాలు చెప్పుకొనే నావంటివాడు ఈ విషయంలో నోరు విప్పడానికి సాహసిస్తున్నాడు.

అమరకోశం వల్లించినవారికి రెండు సంగతులు తెలుసును. ఒక వస్తువునకు పెక్కు పేర్లుంటే అవి పర్యాయపదాలు. ఒక మాటకు పెక్కు అర్థాలుంటే అది నానార్థం. ఆస్పత్రి కాగితాలలో ఈ రెండూ పుష్కలంగా ఉన్నవి. ఒక చోట ‘షుగరు’, ఒక చోట ‘మధుమేహం’, మరొక చోట ‘డి.ఎం.’, ఇంకొక చోట ‘టైప్ టూ’. మనిషికి ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు నాలుగు వేరు వేరు జబ్బులు. ఇక ‘ఎం.ఎస్.’ అని పొడి అక్షరాలు వ్రాశారనుకొనండి. గుండె వైద్యునికి అది కవాటం సన్నబడిన వ్యాధి, నరాల వైద్యునికి మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే వేరొక వ్యాధి. పేర్ల సంగతి అటుంచి అంకెలు చూచినా అంతే. మన దేశంలో నెత్తుటిలోని చక్కెరను డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కిస్తారు. ఇంగ్లండు మొదలైన దేశాలలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లు అంటారు. మన 180 వారి 10 అవుతుంది. కొలమానం పేరు జారిపోయి ఉత్త ‘10’ అన్న అంకె మన డాక్టరు చేతికి వచ్చినదంటే, చక్కెర హెచ్చుగా ఉన్న మనిషికి ప్రాణాంతకంగా తగ్గిపోయినదని భ్రమ కలుగుతుంది. చేయవలసిన చికిత్స తలక్రిందులవుతుంది.

ఈ బాధ కంప్యూటరుతో పుట్టినది కాదు. 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఫ్లారెన్స్ నైటింగేల్ ఒక ప్రణాళిక సమర్పించింది. ఆస్పత్రులన్నీ ఒకే తీరు పట్టికలు నింపాలనీ, లేకుంటే ఒక ఆస్పత్రి ఫలితాలను మరొకదానితో పోల్చలేమనీ దాని సారాంశం. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోఁ మరణకారణాల పట్టిక నొకదానిని షికాగోలో ప్రవేశపెట్టాడు. ఆ విత్తనమే పెరిగి నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ అయినది. దాని పదవ కూర్పు 1990లో ఆమోదం పొందినది, పదకొండవది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చినది. పదవ కూర్పులో మధుమేహపు రెండవ రకానికి ‘ఇ 11’, అధిక రక్తపోటుకు ‘ఐ 10’ సంకేతాలు. ఏలూరులో షుగరన్నా, ఓస్లోలో ఇంకేమన్నా, సంకేతం ఒకటే. రక్తపరీక్షల పేర్లకు ‘లాయింక్’, వైద్యుడు వ్రాసే సమస్త విషయాలకు ‘స్నోమెడ్’ అనే కోశాలు ఇటువంటివే. స్నోమెడ్ సంస్థలో భారతదేశం 2014లో సభ్యత్వం పొందినది.

ఈ పని విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయంలోని ఒక్కొక్క పనిముట్టును ఏ జిల్లావారు ఏమంటారో ఊరూరా తిరిగి సేకరించి ఒకచోట కూర్చినది. శ్రీకాకుళం రైతు మాటను చెరపలేదు, చిత్తూరు రైతు మాటను చెరపలేదు. రెండూ ఒకే వస్తువును చెబుతున్నవని మాత్రం చూపినది. వైద్య కోశం చేయవలసినదీ అదే.

నిఘంటువు ఒక్కటి చాలదు, వ్యాకరణమూ కావాలి. ఎవరికి, ఎప్పుడు, ఏ మందు, ఎంత మోతాదు, ఎవరు ఇచ్చారు అన్న కారక సంబంధం తెలియకపోతే మాటలన్నీ పోగుపడినా వాక్యం కాదు. ఆ వాక్య నిర్మాణాన్ని 1987లో అమెరికాలో ఏర్పడిన హెచ్.ఎల్. సెవెన్ అనే సంస్థ నిర్ణయిస్తూ వచ్చినది. ఆ సంస్థ ఇటీవల రూపొందించిన పద్ధతిని ‘ఫైర్’ అంటారు. వైద్య సమాచారానికి నిప్పని పేరు ఎందుకు పెట్టారో గాని, మన దేశం కూడా దానినే స్వీకరించినది.

ఈ సమాచారం పరస్పరం కలియకపోతే వచ్చే నష్టమేమిటో ఆలోచించడానికి ఏలూరు వారు దూరం పోనక్కరలేదు. 2020 డిసెంబరు 5వ తేదీన ఒన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నవారు ఉన్నట్లుగా పడిపోసాగారు. కొందరికి మూర్ఛ, నోట నురుగు. కొందరికి తలనొప్పి, నడుమునొప్పి, కళ్ళు తిరుగుట. పిల్లలూ పెద్దలూ అన్న భేదం లేదు. వారం తిరిగేసరికి బాధితుల సంఖ్య ఆరువందలు దాటినది. చాలమంది కొద్ది గంటలలోనే తేరుకొన్నారు, ఒక మరణం నమోదైనది. అది కరోనా కాలం. ఆ పరీక్షలలో ఏమీ తేలలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., నీరీ, ఇట్లా దేశంలోని పెద్ద సంస్థలన్నీ రంగంలోకి దిగినవి. ఎయిమ్స్ పరీక్షలలో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించినవి. తరువాత నిపుణుల అభిప్రాయం క్రిమిసంహారక మందుల అవశేషాల వైపు మొగ్గినది. అవి మనిషి దేహంలోకి ఏ దారిన చేరినవో తేల్చడానికి దీర్ఘకాలిక అధ్యయనం కావాలని అప్పుడే చెప్పారు.

అటువంటి వేళలో సమాచారం ఎన్ని చోట్ల పరచుకొని ఉంటుందో చూడండి. రోగి లక్షణాలు ఏలూరు ప్రభుత్వాస్పత్రి కాగితంలో ఉంటవి. పై వైద్యానికి పంపబడినవారి సంగతి విజయవాడలో ఉంటుంది. రక్తపరీక్ష ఒక నగరంలో, నీటి పరీక్ష మరొక నగరంలో. ఆ ఇంటివారు ఏ కుళాయి నీరు త్రాగారో, ఏ సంతలో కూరలు కొన్నారో వీధులు తిరిగినవారి పుస్తకంలో ఉంటుంది. ఇవన్నీ ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుసగా కూర్చి చూచినప్పుడే, సీసం హెచ్చుగా ఉన్నవారందరికీ సమానమైనదేమిటి అన్న ప్రశ్న వేయడానికైనా వీలవుతుంది. 1854లో లండనులో కలరా సోకినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇళ్ళను ఒక నీటి పంపు చుట్టూ గుర్తించగలిగాడంటే, చిరునామాలు ఒక్క కాగితం మీదికి వచ్చినవి కనుకనే. మరొక చిక్కు కూడా ఉన్నది. ‘పడిపోయాడు’, ‘ఫిట్స్ వచ్చినవి’, ‘సొమ్మసిల్లాడు’. ఈ మూడూ ఒకే వ్యాధి లక్షణమా, మూడా? దీనికి సమాధానం మొదటి రోజుననే స్థిరపరచకపోతే, ఆరువందలు అన్న అంకెకే అర్థం మారిపోతుంది.

ఇక మనిషిని గుర్తించే సమస్య. ఇది ఉపాధ్యాయ మిత్రులకు బాగా తెలిసినదే. లక్ష్మి అన్న రెండక్షరాలను ఇంగ్లీషు లిపిలో ఒకరు ‘కె ఎస్ హెచ్’ పెట్టి వ్రాస్తారు, మరొకరు ‘ఎక్స్’ పెట్టి వ్రాస్తారు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. పడమటి దేశాల పద్ధతిలో తయారైన కంప్యూటరు గడులలో అది తారుమారు. వెంకటరమణ అన్న పేరు స్త్రీకీ ఉన్నది, పురుషునికీ ఉన్నది. వయసు అడిగితే ‘అరవై ఉంటాయండి’ అన్నదే జవాబు. చదువుకొన్నవారి పుట్టినతేదీ మాత్రం నిజమా? మన తరంలో ఎందరికో జూన్ నెలలో జన్మదినాన్ని ప్రసాదించినది కన్నతల్లి కాదు, బడిలో చేర్చుకొన్న మాస్టారుగారు! ఈనాడు బడి రిజిస్టరులో పిల్లవాని పేరు వ్రాసే ఉపాధ్యాయుడు, తెలియకుండానే, ఆ పిల్లవాని ముప్పై ఏండ్ల వైద్య చరిత్రకు తాళంచెవి తయారుచేస్తున్నాడు. ఆధారు కార్డులో ఒక రీతిగా, బడిలో ఒక రీతిగా, ఆస్పత్రిలో మరొక రీతిగా ఉన్న పేరు ముగ్గురు మనుష్యులను పుట్టిస్తుంది. ఇంతకంటె ప్రమాదం, ఇద్దరు మనుష్యులు ఒకరైపోవుట. ఒకరి రక్తవర్గం మరొకరి పేర చేరిందంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఊళ్ళ పేర్లదీ ఇదే కథ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాలోని కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. అంతవరకు ఏలూరు ముఖ్యపట్టణంగా గల పశ్చిమ గోదావరిలోని తాడేపల్లిగూడెం, భీమవరం ముఖ్యపట్టణంగా గల కొత్త పశ్చిమ గోదావరిలో ఉండిపోయినది. కొల్లేరు కదలలేదు, దోమలు కదలలేదు, జిల్లా గీత మాత్రం కదిలినది. ఆ సంవత్సరానికి ముందటి జ్వరాల లెక్కను వెనుకటి లెక్కతో పోల్చాలంటే గ్రామ గ్రామానికీ మారని సంకేతం ఒకటి ఉండి తీరాలి.

బీద దేశాలలో ఈ ప్రయత్నం కొత్త కాదు. జాతివివక్ష అంతమైన తరువాత దక్షిణాఫ్రికాలో మొదలై, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం అండతో పెరిగిన ఒక ఆరోగ్య సమాచార ఉద్యమం 2000 ప్రాంతంలో మన చిత్తూరు జిల్లా కుప్పానికి వచ్చినది. తరువాత అదే వర్గం తయారుచేసిన ‘డి.హెచ్.ఐ.ఎస్. టూ’ అనే సాధనాన్ని 2006లో మొదట కేరళలో ప్రయోగించి చూచారు. నేడది డెబ్బైకి పైగా దేశాలలో వాడుకలో ఉన్నది. వారి బోధనలో నాకు నచ్చినది ఒకటి: యంత్రం పెట్టబోయే ముందు అడిగే ప్రశ్నలను తగ్గించండి, ఎవరూ చదవని గడులను తీసివేయండి. తూర్పు ఆఫ్రికాలోని ర్వాండా దేశంలో ర్వమగానా జిల్లాలో గర్భిణుల వివరాలు ఒక ఆరోగ్యకేంద్రం నుండి మరొకదానికి అందేటట్లు చేసి చూచారు. దేశమంతా ఒకేసారి మొదలు పెట్టలేదు, ఒక జిల్లా, ఒక్క అవసరం. మన దగ్గర ఏ.ఎన్.ఎం. అమ్మాయి ఒకే బాలింత వివరాలను పుస్తకంలో ఒకసారి, ఫోనులో ఒకసారి, పై అధికారి అడిగినప్పుడు మరొకసారి వ్రాయవలసి వచ్చినంత కాలం, ఆ వ్రాతలో తప్పులుంటే ఆమెను నిందించుట న్యాయం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించినది. ప్రతి పౌరునికీ పద్నాలుగు అంకెల ‘ఆభా’ సంఖ్య ఇస్తారు. రికార్డులు ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటవి. రోగి సమ్మతించినప్పుడు మాత్రం ఒక చోటి నుండి మరొక చోటికి వెళ్తవి. పైన చెప్పిన లాకు పద్ధతి ఇదే. సంఖ్యలు కోట్లకొలది ఇచ్చారు. సంఖ్య చేతికి వచ్చినంత మాత్రాన రికార్డు వచ్చినట్లు కాదు. దానిని పంపగల యంత్రం, వ్రాయగల తీరిక ఆస్పత్రిలో ఉండాలి. పంపుట నేర్చినవారు దాచుట కూడా నేర్వాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దొంగల దాడి జరిగి, దాదాపు రెండు వారాలపాటు డాక్టర్లు మళ్ళీ కాగితం, కలం పట్టవలసి వచ్చినది. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో చట్టం వచ్చినది. క్షయ అని తెలిస్తే పెళ్ళి తప్పిపోయే ఊళ్ళు ఇంకా ఉన్నప్పుడు ఈ రక్షణ అక్కరలేని ఆర్భాటమని ఎవరూ అనరాదు.

సమ్మతి అన్న మాట కాగితం మీద అందంగా ఉన్నది. లంకలోని ఆ స్త్రీకి అది తరచు ఫోనుకు వచ్చే ఒక సంఖ్య రూపంలో ఎదురవుతుంది. ఆ ఫోను ఆమెది కాదు, కొడుకుది. అతడు పనికోసం హైదరాబాదులో ఉన్నాడు. విజయవాడ డాక్టరుగారు ఏలూరు చీటీ కావాలని అడిగిన క్షణాన, ఆమె తరపున అవునో కాదో చెప్పవలసినవాడు అక్కడ ఏదో మేడ కట్టే చోట ఇసుక మోస్తూ ఉంటాడు. ఫోను మ్రోగినా వినిపించదు.