తన తప్పు తానే పట్టుకునే చిప్

ఇంజిన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుంటే ఒక్కో చుట్టుకు పట్టేది 10 మిల్లీసెకన్లే. ఒక్క డిగ్రీ తిరగడానికి దాదాపు 28 మైక్రోసెకన్లు. స్పార్క్ ఎప్పుడు పడాలో, పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో ఆ కొద్ది మిల్లీసెకన్లలోనే తేల్చాలి. తేల్చేది మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, మెమరీ, టైమర్లు, సెన్సర్ల సంకేతాలను అంకెలుగా మార్చే భాగం అన్నీ అందులో ఒకే చిప్‌లో ఇమిడి ఉంటాయి.

వేగంలో ఫోన్ ప్రాసెసర్‌దే పైచేయి. అయినా బ్రేకుల బాధ్యత దానికి అప్పగించరు. ఫోన్‌లో వీడియో అరక్షణం ఆగినా ఫరవాలేదు. బ్రేకు ఆలస్యమైతే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఈ చిప్‌లలో సమయం కొలిచే పని విడిగా టైమర్లు చూసుకుంటాయి. చాలా ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్‌కు బిగించిన చక్రానికి 60 పళ్లుండాల్సిన చోట 58 మాత్రమే ఉంచుతారు. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా చుట్టు ఎక్కడ మొదలైందో చిప్ గుర్తుపడుతుంది.

అసలు విశేషం భద్రతలో ఉంది.

ఇన్ఫినియన్ ఆరిక్స్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ హెర్క్యులిస్ వంటి చిప్‌లలో ఒకే లెక్కను రెండు ప్రాసెసర్ కోర్లు చేస్తాయి. ఒకే పద్దును ఇద్దరు గుమస్తాలు వేర్వేరుగా కూడి సరిచూసుకున్నట్టే. దీన్ని లాక్‌స్టెప్ అంటారు. కరెంటులో ఒడుదొడుకు వస్తే రెండూ ఒకేలా తప్పు చేయకుండా, రెండో కోర్‌ను కొద్ది క్లాక్ సైకిళ్లు వెనగ్గా నడిపిస్తారు. జవాబులు కలవకపోతే వెంటనే హెచ్చరిక వెలువడుతుంది. మెమరీలో ఒక బిట్ తారుమారైతే ఈసీసీ అనే తప్పులు దిద్దే ఏర్పాటు దాన్ని సరిదిద్దుతుంది, రెండైతే పసిగడుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే వాచ్‌డాగ్ టైమర్ చిప్‌ను రీసెట్ చేస్తుంది.

ఫ్యాక్టరీలో ప్రెస్‌లకూ, రోబో చేతులకూ ఈ జాగ్రత్తలే కావాలి. పరిశ్రమల భద్రతకు ఐఈసీ 61508 ప్రమాణం ఉంది. దాని ఆధారంగానే 2011లో వాహనాల కోసం ఐఎస్‌ఓ 26262 వచ్చింది. ఇందులో ప్రమాద తీవ్రతను బట్టి ఏ నుంచి డీ వరకు నాలుగు స్థాయిలున్నాయి. అన్నిటికన్నా కఠినమైనది డీ.

మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. దాన్ని నడిపేదీ ఇలాంటి చిప్పే. మీ బండికి అది ఉంటే మీటర్‌లోని ఏబీఎస్ దీపాన్ని గమనించండి. తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం దొరికిందని, ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం. మామూలు బ్రేకు పడుతుంది కానీ, గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి జారవచ్చు. వాయిదా వేయకుండా మెకానిక్‌కు చూపించండి.