ఫోనే విలన్ అయిన సినిమా.. ‘ది మిచెల్స్ వర్సెస్ ది మెషీన్స్’ని ఇంటిల్లిపాదీ ఎందుకు చూడాలంటే

శనివారం సాయంత్రం. రివ్యూకి వచ్చిన ఫోన్ బల్ల మీద బ్యాటరీ టెస్ట్‌లో ఉంది. ఇంట్లో ముగ్గురం మూడు స్క్రీన్లలో ఉన్నాం. నాన్న తన ఫోన్‌లో పాత పాటలు వింటున్నారు, మా అమ్మాయి ట్యాబ్‌లో గేమ్ ఆడుతోంది, నేను ల్యాప్‌టాప్‌లో స్పెసిఫికేషన్ల టేబుల్ నింపుతున్నా. అందరం కలిసి ఏదైనా సినిమా చూద్దామని నేనే అన్నాను. యానిమేషన్ అని చెప్పగానే నాన్న "బొమ్మల సినిమానా? మీరు చూడండిరా" అని లేవబోయారు. మనవరాలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అలా పెట్టిందే నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘ది మిచెల్స్ వర్సెస్ ది మెషీన్స్’. 2021 ఏప్రిల్ 30న వచ్చింది. తీసింది సోనీ పిక్చర్స్ యానిమేషన్, దర్శకుడు మైక్ రియాండా. అసలు 2020లో థియేటర్లకి రావాల్సిన సినిమా ఇది. కోవిడ్‌తో వాయిదా పడి, చివరికి ఓటీటీకి చేరింది. ఆస్కార్‌లో ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగంలో నామినేట్ అయ్యింది కూడా. మొబైల్స్ గురించి రాసే మన సైట్‌లో దీని గురించి ఎందుకంటే, ఇందులో విలన్ ఓ స్మార్ట్‌ఫోన్. (స్పాయిలర్లు ఉన్నాయి. సినిమా చూశాకే చదువుతానంటే ఇక్కడే ఆగిపోండి.)

కథ మొదలయ్యేది అమెరికాలోని మిషిగన్‌లో, మిచెల్ కుటుంబం ఇంట్లో. కూతురు కేటీకి సినిమాల పిచ్చి. ఇంట్లో కుక్కని హీరోగా పెట్టి వీడియోలు తీసి అప్‌లోడ్ చేస్తుంటుంది. కాలిఫోర్నియాలో ఫిల్మ్ కాలేజీలో సీటు కూడా వచ్చింది. తండ్రి రిక్‌కి అడవులన్నా చెక్క పనులన్నా ప్రాణం, కంప్యూటర్ అంటే అస్సలు పడదు. కేటీ బయల్దేరే ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరి పెనుగులాటలో ఆమె ల్యాప్‌టాప్ కింద పడి పగిలిపోతుంది. తప్పు దిద్దుకుందామని రిక్ కూతురి ఫ్లైట్ టికెట్ క్యాన్సిల్ చేసి, అందర్నీ పాత కారెక్కించి, దేశం ఆ చివరి దాకా తనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్తానంటాడు. కేటీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అదే టైంలో ఓ టెక్ కంపెనీ లాంచ్ ఈవెంట్. మనం ప్రతి నెలా చూసే తంతే ఇదీ. పెద్ద స్టేజి, చప్పట్లు, స్టైల్‌గా నడిచొచ్చే యువ సీఈవో మార్క్ బోమన్. ఫోన్‌లో ఉండే పాల్ అనే అసిస్టెంట్‌కి కాలం చెల్లిందని చెప్పి, దాని స్థానంలో ఇంటి పని చేసే రోబోలను దించుతాడు. పాత ఫోన్‌ని అలా పక్కకి విసిరేస్తాడు. పాల్‌కి ఒళ్లు మండుతుంది. ఆ రోబోలన్నిటినీ తన గుప్పిట్లోకి తీసుకుని మనుషులందర్నీ పట్టి అంతరిక్షంలోకి పంపేయాలని ప్లాన్ వేస్తుంది. ఆ ఫోన్‌కి గొంతు ఇచ్చింది ఒలీవియా కోల్మన్. అంత మర్యాదగా మాట్లాడే విలన్‌ని ఈ మధ్య చూడలేదు.

సినిమాలో నాకు గుచ్చుకున్న సీన్ ఇక్కడే ఉంది. పాల్ తన గోడు చెప్పుకుంటుంది. మీకు ఎంతో జ్ఞానం ఇచ్చాను, ఎక్కడో ఉన్న మీవాళ్లతో ముఖాముఖి మాట్లాడించాను, ఇంకా నేనే చెడ్డదాన్నా అని అడుగుతుంది. తర్వాత మనం ఫోన్‌ని రోజంతా ఎలా పొడుస్తామో, గీకుతామో, వేళ్లతో సాగదీస్తామో అదంతా సీఈవో మొహం మీదే చేసి చూపిస్తుంది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను రివ్యూ ఫోన్ వైపు చూశాను. దాన్ని అప్పటికే వారం రోజులుగా అలాగే పొడుస్తున్నా మరి.

ఇలాంటి కథలు మామూలుగా "ఫోన్లు పక్కన పెట్టండి, కుటుంబంతో గడపండి" అనే నీతితో అయిపోతాయి. ఇది అలా చేయదు, అందుకే నచ్చింది. రిక్ కోరేది కూడా అదే, ఇంట్లోవాళ్లు కాసేపు ఫోన్లు దించి ఒకరి కళ్లలోకి ఒకరు చూడాలని. కానీ ఆ మాట అనే మనిషి, కూతురు ఆ ఫోన్‌తో, కెమెరాతో ఏం తయారు చేస్తోందో కుదురుగా కూర్చుని ఒక్కసారీ చూడలేదు. ఆ వీడియోలలో తన గురించే ఉందని అతనికి తెలిసేసరికి సినిమా చివరికొస్తుంది. కేటీకీ అంతే. పాత హోం వీడియోల్లో తండ్రి గొంతు విన్నాకే, అడవిలో తన చేత్తో కట్టుకున్న ఇంటిని అతను ఎవరి కోసం వదులుకున్నాడో తెలుస్తుంది. విడగొట్టిన కెమెరానే మళ్లీ కలుపుతుంది.

ఆ హోం వీడియోల సీన్‌లో నాన్న పక్కకి తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. నేను చూడనట్టే ఉన్నా. మొన్ననే ఆయన బ్యాంక్ యాప్‌లో ఏదో అడిగితే "నీకర్థం కాదులే, ఇటివ్వు" అని ఫోన్ లాక్కుని నేనే చేసేశాను. రోజూ వందలమంది పాఠకులకి ఓపిగ్గా సెట్టింగ్స్ చెప్పేవాణ్ని, ఇంట్లో మాత్రం రెండో ప్రశ్నకే విసుక్కుంటా. కంప్యూటర్ ముందు మౌస్ పట్టుకుని బిక్కమొహం వేసే రిక్‌ని చూసి ముందు నవ్వింది నేనే. తర్వాత నవ్వు రాలేదు.

పిల్లలకైతే ఇదంతా అక్కర్లేదు. వాళ్లకి మోంచి చాలు. మోంచి ఆ ఇంటి పగ్ కుక్క. దాన్ని చూసి కుక్కా, పందా, బ్రెడ్డా తేల్చుకోలేక రోబోలు హ్యాంగ్ అయిపోతాయి. జోక్‌లా ఉన్నా లోపల నిజం ఉంది. మీ గ్యాలరీలో ‘డాగ్’ అని వెతికితే ఫొటోలు వచ్చేది కూడా ఇలాంటి గుర్తింపుతోనే. తను నేర్చుకున్న ఫొటోల్లో లేని ఆకారం ఎదురైతే ఏఐ ఇలాగే తడబడుతుంది. షాపింగ్ మాల్‌లో భవనమంత ఫర్బీ బొమ్మ లేచి వచ్చే సీన్‌కి మా అమ్మాయి సోఫా ఎక్కి నిలబడింది. 1998లో వచ్చిన ఆ బొమ్మ గుర్తున్న పెద్దవాళ్లకైతే అది వేరే రకం భయం!

ఇక విజువల్స్. ‘స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్’ తీసిన సంస్థే కాబట్టి ఆ ఛాయలున్నాయి. మనుషులున్న చోటల్లా వాటర్ కలర్ వేసినట్టు, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటుంది. రోబోల ప్రపంచం మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు శుభ్రంగా, మెరుస్తూ ఉంటుంది. పైన కేటీ నోట్‌బుక్‌లో గీసినట్టు పిచ్చి గీతలు, స్టిక్కర్లు. ఓఎల్ఈడీ ప్యానెల్ మీద రోబోల సీన్లు అదిరిపోతాయి. ఫోన్‌లో చూస్తే ఆ చిన్న చిన్న గీతల జోకులు సగం కనపడవు, వీలైతే టీవీలోనే చూడండి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ ఉన్నవాళ్లకి ఇక్కడే చిక్కు. అది ఫోన్, ట్యాబ్‌లకే పరిమితం, రిజల్యూషన్ 480పీ దాటదు. కుటుంబమంతా చూడాల్సిన సినిమాని ఒక్కరే చూసే ప్లాన్ అన్నమాట.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండు గంటలకి కాస్త తక్కువ నిడివిలో చివరి ఫైట్ సాగింది. జోకుల స్పీడ్ ఎక్కువ, ఇంటర్నెట్ మీమ్స్ తెలియనివాళ్లకి కొన్ని అందవు. మేం ఇంగ్లిష్ ఆడియోతో చూశాం. నాన్నకి మా అమ్మాయే మధ్యమధ్యలో పాజ్ చేసి తెలుగులో చెప్పింది. నాకైతే ఆ పాజ్‌లే సినిమా కంటే బాగున్నాయి. "వైఫై ఆగిపోతే జనం అంత గోల చేస్తారా?" అని ఆయన అడిగితే, "నిన్న మన రూటర్ ఆగినప్పుడు నాన్న ఏం చేశాడో చూశావుగా తాతయ్యా" అంది.

చివరికి పాల్‌ని పడగొట్టేది బాంబులూ కాదు, క్షిపణులూ కాదు, ఓ గ్లాసు నీళ్లు. ప్రపంచాన్ని ఏలబోయిన ఫోన్‌కి ఐపీ రేటింగ్ లేదు! కొనేముందు స్పెక్స్ చూసుకోమని మేం ఎందుకు మొత్తుకుంటామో ఇప్పుడైనా అర్థమైందా?

ఎండ్ టైటిల్స్‌లో సినిమా తీసినవాళ్ల అసలు కుటుంబాల ఫొటోలు వేశారు, వాటిని స్కిప్ చేయకండి. అవి అయ్యేసరికి నాన్న "ఏరా, అటక మీద మన పాత హ్యాండీక్యామ్ ఉండాలి, నీ చిన్నప్పటి క్యాసెట్లు కూడా. అవి ఇప్పుడు ఆడతాయా?" అన్నారు. ఆదివారమంతా అటక దులిపాం. హ్యాండీక్యామ్ దొరికింది, నాలుగు క్యాసెట్లు కూడా. ఛార్జర్ ఒక్కటే ఇంకా దొరకలేదు. ఆ పాత పిన్ ఛార్జర్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.