భూమి దాచిన సరుకు, దాచని సరుకు

పూర్వం మనవాళ్ళు ఏమి అమ్మారు, ఏమి కొన్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024 మార్చిలో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు! ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇవి ఇక్ష్వాకుల కాలం, అనగా క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటివని పురావస్తు శాఖవారు తేల్చారు.

నాణెం సగటు బరువు 2.3 గ్రాములే. మొత్తం లెక్కవేస్తే సుమారు ఎనిమిదిన్నర కిలోలు. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే కరుగుతుంది, కనుక నాణెం పోయడం సులభం. వెండికన్నా చవక గనుక చిల్లర బేరాలకు సరిపోతుంది. మట్టిలో పడితే దానిపై ఒక పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే ఇన్నేళ్ళు నిలిచింది.

మరి ఆ నాణేలతో కొన్న సరుకేది? అది నిలవలేదు. దూరదేశపు వర్తకం సంగతీ అంతే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల రాశి దొరికింది. కృష్ణా ముఖద్వార ప్రాంతమైన మసాలియాలో సన్నని నూలుబట్టలు విరివిగా తయారవుతాయని ఒక గ్రీకు నావికుడు మొదటి శతాబ్దంలోనే రాశాడు. వెండి మిగిలింది, ఆ బట్టను మన తేమనేల తినేసింది. ఈజిప్టులోని బెరెనికే రేవులో మాత్రం, అక్కడి ఇసుక పొడిగా ఉండబట్టి, మనదేశపు నూలుగుడ్డల ముక్కలు, మిరియాలు దొరికాయి.

ఐరోపా ఉత్తరాన వైకింగులదీ ఇదే కథ. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో ఒకేచోట 67 కిలోల వెండి దొరికింది. అందులోని నాణేలు ఎక్కువగా అరబ్బు దేశాలవి. వైకింగులు అటువైపు అమ్మిన జంతుచర్మాలు, తేనె, మైనం మాయమయ్యాయి. వాళ్ళు బానిసలుగా అమ్మిన మనుషుల పేర్లూ మిగల్లేదు.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఈ లోటు కొంత తీరుస్తుంది. కర్పూరం, పన్నీరు, గంధం, దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు — వేటికి ఎంత సుంకమో అందులో ఉంది. కర్పూరం గాలిలో కలిసిపోయే వస్తువు. రాతి మీద రాయకపోతే ఆ రేవులో దాని జాడ మనకెట్లా తెలిసేది?

సేద్యగాళ్ళ ఇంటివాడిగా నాకు తోచేదిదే. పండించినవాడి సరుకే ముందు చెడిపోతుంది. మా తాతలు ఏ పంటను ఏ సంతకు తోలారో రాసిపెట్టినవారు లేరు. దున్నేటప్పుడు తేలిన పెంకులు, పూసలు గట్టు మీదికి విసరడం మన పల్లెల్లో మామూలే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల నుండి వచ్చిన మిత్రులారా! సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అటువంటివి కనబడితే ఏ చేనులో దొరికాయో రాసుకొని పురావస్తు శాఖకు తెలపండి. అట్లాగే పెద్దల దగ్గర కూర్చొని పాత పంటల పేర్లు, సంతల పేర్లు ఒక నోటుబుక్కులో ఎక్కించండి. భూమి దాచలేనిదాన్ని కాగితమే దాచాలి.