పొద్దున పలికిన సెల్ఫ్ మధ్యాహ్నం పలకదెందుకు?

మదనపల్లె మార్కెట్లో టమాటా లోడు దించి, టీ తాగి వచ్చి తాళం తిప్పితే బండిలో ఉలుకూ పలుకూ ఉండదు. అరగంట ఆగి మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టు లేస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఇరవైసార్లు తిప్పినా ఇరవైసార్లూ స్టార్ట్ అవుతుంది. పాత డీజిల్ పికప్ మీద బతికేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఇలా వచ్చి పోయే లోపం, పూర్తిగా చెడిపోయిన సామాను కంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటార్ మారుస్తారు, ఆ తర్వాత స్విచ్. చివరికి చూస్తే అసలు లోపం ఇంజిన్ పక్కన తుప్పు పట్టిన ఎర్త్ వైరులో ఉంటుంది.

సెల్ఫ్‌కు కరెంటు రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి సన్నదారి: ఫ్యూజు, తాళం స్విచ్, కొన్ని బండ్లలో రిలే దాటి సోలినాయిడ్‌కు చేరుతుంది. దాని పని సోలినాయిడ్‌ను లాగడం వరకే. సోలినాయిడ్ లాగగానే లోపలి రాగి బిళ్ల రెండు పెద్ద బోల్టులను కలుపుతుంది. అప్పుడు పెద్దదారి తెరుచుకుంటుంది: బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్, మోటార్, ఇంజిన్ బాడీ, ఎర్త్ పట్టీ, తిరిగి బ్యాటరీ మైనస్. వెళ్లే దారిని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారిని చాలామంది మరిచిపోతారు.

కొంచెం లెక్క చూద్దాం, ఎందుకంటే కిటుకంతా ఇక్కడే ఉంది. చిన్న డీజిల్ ఇంజిన్ తిప్పడానికి సెల్ఫ్ సుమారు 200 ఆంపియర్లు లాగుతుందనుకోండి. ఒక టెర్మినల్ దగ్గర చిలుము వల్ల ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఏర్పడితే, అక్కడే 2 వోల్టులు పోతాయి. అదే అడ్డు గుండా రెండు హెడ్‌లైట్లకు వెళ్లేది 10 ఆంపియర్లే కాబట్టి, వాటికి తగ్గేది వోల్టులో పదో వంతే. కంటికి తేడా తెలియదు. ‘లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కనెక్షన్లు బాగున్నట్టే’ అన్న మాట అందుకే నమ్మకూడదు.

మరి ఒకసారి వచ్చి ఒకసారి పోవడం ఎందుకు? రాగి వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున అడ్డు పెరుగుతుంది. 60 డిగ్రీలు పెరిగితే సుమారు పావు వంతు ఎక్కువ. ఇంజిన్ ఆపాక గాలి తగలదు కాబట్టి సెల్ఫ్ కాసేపు ఇంకా వేడెక్కుతుంది, తర్వాతే చల్లారుతుంది. లోడు దించి వచ్చేసరికి మొరాయించి, అరగంటకు లేవడంలో రహస్యం ఇదే. అరిగిన కార్బన్లు ఆర్మేచర్ మీద ఏ చోట ఆగాయన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. సోలినాయిడ్ రాగి బిళ్ల కాలిన వైపు తగిలితే ఒక ఫలితం, మంచి వైపు తగిలితే ఇంకొకటి.

మొరాయించినప్పుడు వెంటనే మళ్లీ మళ్లీ తాళం తిప్పకండి. ముందు చెవి పెట్టండి. టకటకమని వరుసగా కొట్టుకుంటే సోలినాయిడ్ లాగుతోంది, వోల్టేజి పడిపోయి వదిలేస్తోంది. బ్యాటరీ నీరసించింది, లేదా పెద్దదారిలో ఎక్కడో లూజు ఉంది. ఒక్కసారే ‘టక్’ అని ఆగిపోతే క్యాబిన్ లైటు చూడండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీని, దాని టెర్మినళ్లను, మోటార్ పట్టేసిందేమోనని చూడాలి. మసకబారకపోతే కరెంటు ముందుకు పోవడం లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు, కార్బన్లు, ఎర్త్ అనుమానించాలి. అసలు శబ్దమే లేకపోతే చాలావరకు సన్నదారిదే తప్పు. ఇంజిన్ చక్కగా తిరుగుతూ అందుకోకపోతే సెల్ఫ్ జోలికి పోవద్దు. డీజిల్ సరఫరా, హీటర్ ప్లగ్గులు చూడాలి.

తర్వాత మల్టీమీటర్. కొన్ని గంటలు ఆగి ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 కంటే తక్కువైతే ముందు చార్జి చేయించి తర్వాతే మిగతాది వెతకండి. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే దిగిపోతే బ్యాటరీనే లోడు టెస్టుకు పంపాలి.

ఇక నా దృష్టిలో అన్నింటికంటే విలువైన పరీక్ష. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ సీసపు పోస్టు మీదే పెట్టండి, దాని క్లాంపు మీద కాదు. రెండో కొస ఇంజిన్ మీద గీకి శుభ్రం చేసిన ఇనుముకు ఆనించండి. ఇంకొకరు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగా లేదు. ఇలాగే ప్లస్ పోస్టుకూ సెల్ఫ్ పెద్ద బోల్టుకూ మధ్య చూస్తే 0.5 దాటకూడదు. కేబుల్ విప్పి ఓమ్స్‌లో కొలిస్తే ఈ లోపం దొరకదు. లోడు ఉన్నప్పుడే బయటపడుతుంది.

మెకానిక్ ముందు బుద్ధిగా లేచే బండికి ఒక ఉపాయం ఉంది. సోలినాయిడ్ సన్న వైరు దగ్గర నుంచి ఫ్యూజు పెట్టి ఒక వైరు క్యాబిన్‌లోకి లాగి, చిన్న 12 వోల్టుల బల్బు కట్టండి. రెండో కొస ఎర్త్‌కు. మొరాయించిన రోజున తాళం తిప్పితే బల్బు వెలిగిందా, లోపం సోలినాయిడ్ నుంచి అవతల, లేదా ఎర్త్‌లో. వెలగలేదా, స్విచ్ వైపు. రిలే లేని పాత బండ్లలో సోలినాయిడ్ కరెంటు మొత్తం తాళం స్విచ్చే మోస్తుంది. దాని కాంటాక్టులు కాలడం సహజం. అక్కడ ఒక రిలే పెట్టించడం మంచి ఖర్చు.

సెల్ఫ్‌ను స్పానర్‌తో మెల్లగా తట్టితే లేచిందంటే కార్బన్లు అరిగాయన్న గట్టి సూచన. అది గుర్తు మాత్రమే, రిపేరు కాదు. తాళం తిప్పి పట్టుకుని సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లకు మించి తిప్పొద్దు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ అమర్చినప్పటి నుంచీ అది కొద్ది సెకన్ల పాటు మోయలేని బరువు మోసి, తర్వాత విశ్రాంతి తీసుకునే మోటారే.

ఈ పరీక్షలు చేసేటప్పుడు బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు మీద, చక్రాల కింద రాళ్లతో ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో బోల్టులు కలిపి స్టార్ట్ చేయడం గేరులో ఉన్న బండిని మనిషి మీదికి ఎక్కించగలదు, దయచేసి మానండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, చివర బిగించాలి. దగ్గర బీడీ వెలిగించకూడదు.

డాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మొరాయించిన ప్రతిసారీ శబ్దం ఏమిటి, ఇంజిన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, లైటు మసకబారిందా, బల్బు వెలిగిందా రాయండి. ఏ సామాను మార్చడానికైనా ఒప్పుకునే ముందు ఆ పేజీ మీ మెకానిక్ చేతికివ్వండి.