పేరాలో వంతులవారీ నీరు

తెలుగు పుస్తకాన్ని కంప్యూటర్‌లో కూర్చడమంటే తెరమీది పేజీని మౌస్‌తో సర్దడమేననీ, ఆదేశాలు టైపు చేసి పేజీలు కట్టించే పద్ధతి ఇంగ్లీషు గణిత పత్రాలకే తప్ప తెలుగుకు పనికిరాదనీ విజయవాడ డీటీపీ కేంద్రాల్లో తరచు వినిపించే మాట సరైనది కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన గ్రంథం రెండో సంపుటి కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫుల్లో అక్షరాల తీరు చూసి సహించలేక 1977లో తలపెట్టిన 'టెక్' ప్రోగ్రాముకు, యూనికోడ్‌ను జోడించి జోనథన్ క్యూ 2004లో 'జీటెక్' విడుదల చేశాడు. నేడు అది తెలుగు లిపిని నేరుగా స్వీకరిస్తుంది. వచనాన్ని మామూలు ఎడిటర్‌లో రాసి, అధ్యాయాలకూ శీర్షికలకూ గుర్తులు పెట్టి, ఆదేశాల తెరలో ప్రోగ్రాము పేరు, ఫైలు పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే పీడీఎఫ్ తయారవుతుంది.

అసలు నేర్పు పేరాను వరుసలుగా విడగొట్టడంలో ఉంది. రెండు అంచులూ సమంగా రావాలంటే పదాల మధ్య ఖాళీలు సాగాలి లేదా కుదించుకోవాలి. సాధారణ వర్డ్ ప్రాసెసర్ ఒక వరుస నింపి, వెనుదిరిగి చూడకుండా తర్వాతి వరుసకు పోతుంది. బందరు కాలువ ఎగువన ఉన్న రైతు తన మడి నింపుకొంటే శివారు భూములు ఎండిపోవడం వంటిదే ఇది. టెక్ మాత్రం పేరా మొత్తాన్ని ఒక ఆయకట్టుగా చూసి, ఎద్దడిని వంతులవారీగా అన్ని వరుసలకూ పంచుతుంది. ప్రతి వరుస ఎంత వికారంగా ఉందో 'దోషం' అనే అంకెతో కొలుస్తుంది: ఖాళీ తనకు అనుమతించిన మేరలో సగం సాగితే దోషం సుమారు 12, పూర్తిగా సాగితే 100, రెండింతలు సాగితే 800. దోషం ఇలా ఘనంలో పెరుగుతుంది కనుక ఒక్క మడి బీటలు వారడం కంటే పది మడుల్లో నీరు కొంచెం తగ్గడమే మేలని లెక్క తేలుతుంది.

సంధి సమాసాలతో తెలుగు పదాలు పొడవవుతాయి, వరుసలో ఖాళీలు తగ్గుతాయి, ఒక్కో ఖాళీపై భారం పెరుగుతుంది. పదాన్ని మధ్యలో విరవనివ్వడం కాలువకు అదనపు తూము పెట్టడం వంటిది. అయితే గట్టును ఎక్కడ పడితే అక్కడ తవ్వకూడదు. 'రాష్ట్రపతి'ని 'రా' తర్వాత విరవవచ్చు గాని, ఐదు సంకేతాలు కలిసిన 'ష్ట్ర'ను చీల్చరాదు. ఈ నియమాలు తెలుగుకు సిద్ధంగా ఉన్నాయి.

ఫాంట్లకూ కొరత లేదు. దివిసీమ నేత మండలి వెంకట కృష్ణారావు పేరిట వెలసిన 'మండలి' ఫాంటును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చోవడం వల్ల ఫాంటు మార్చగానే వచనం గజిబిజి అవుతుంది. యూనికోడ్ వచనానికి ఆ బెడద ఉండదు.

కొత్తవారు ఒక్కటి గమనించాలి. విషయసూచికలో పుటల సంఖ్యలు మొదటిసారి రావు. ప్రోగ్రాము వాటిని పక్క ఫైలులో రాసుకొని, రెండోసారి నడిపినప్పుడు చదివి నింపుతుంది కనుక అదే ఆదేశాన్ని మళ్లీ ఇవ్వాలి.