గుండె పరీక్షకు గొట్టం... చేతి నుంచా, కాలి నుంచా?

గుండెకు యాంజియోగ్రాం తీయాలని వైద్యుడు చెప్పగానే ఖర్చెంత, ఎన్ని రోజులుండాలి అని బంధువులు ఆరా తీస్తారు. గొట్టాన్ని చేతి నుంచి పంపుతారా, కాలి నుంచి పంపుతారా అని అడిగేవారు తక్కువ. పరీక్ష ముగిశాక రోగి ఎప్పుడు లేచి నడుస్తాడు, ఇల్లు చేరాక ఏ ప్రమాదాన్ని కనిపెట్టుకుని ఉండాలి అన్నవి చాలావరకు ఆ దారిపైనే ఆధారపడి ఉంటాయి. మూత్రపిండాల వ్యాధితో సతమతమవుతున్న ఉద్దానం వాసులకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనుల్లో పూడిక ఎక్కడ, ఎంత ఉందో తెలుసుకునేందుకు చేసే పరీక్షే యాంజియోగ్రాం. క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని ధమని గుండా గుండె వద్దకు పంపి, రంగు మందు వదిలి, ఎక్స్‌రే తెరపై పరిశీలిస్తారు. సూది గుచ్చే చోట మాత్రమే మొద్దుబారేలా ఇంజక్షన్ ఇస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు.

మోచేతి నుంచి గజ్జలకు, అక్కడి నుంచి మణికట్టుకు

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ 1958లో ఈ పరీక్షకు నాంది పలికారు. అప్పట్లో మోచేతి వద్ద కోత పెట్టి ధమనిని వెలికి తీయవలసి వచ్చేది. గుండె ధమనుల ముఖద్వారాలకు అమరేలా ముందే వంపు తీర్చిన గొట్టాలతో, తొడ ధమని నుంచి వెళ్లే పద్ధతిని 1967లో మెల్విన్ జడ్కిన్స్ వెలువరించారు. అటు తరువాత దశాబ్దాల పాటు యాంజియోగ్రాం అంటే గజ్జల్లో సూదే. మణికట్టు ధమని నుంచి 100 మందికి ప్రయత్నించిన ఫలితాలను కెనడా వైద్యుడు లూసియన్ కాంపో 1989లో ప్రచురించారు.

రక్తస్రావమే అసలు తేడా

తొడ ధమని వెడల్పైనది. గొట్టం సులువుగా వెళుతుంది. చిక్కల్లా గొట్టం తీశాకే. ధమని లోతుగా ఉండటం వల్ల 15, 20 నిమిషాలు చేత్తో గట్టిగా అదిమి పట్టాలి. ఆపై నాలుగు నుంచి ఆరు గంటలు కాలు వంచకుండా వెల్లకిలా పడుకోవాలి. మూత్రానికి కూడా లేవనివ్వరు. నడుము నొప్పి ఉన్న వృద్ధులకు పరీక్ష కంటే ఇదే పెద్ద శిక్ష. సూది కాస్త పైకి పడితే రక్తం పొట్ట వెనుక భాగంలోకి చేరుతుంది. పైకి చుక్క కూడా కనిపించదు. అరుదైనదే అయినా ప్రాణం మీదకు తెచ్చే చిక్కు ఇది.

మణికట్టు ధమని చర్మం కిందే, ఎముకపై ఉంటుంది. పట్టీ బిగిస్తే రక్తం ఆగుతుంది. రోగి కొద్దిసేపటికే లేచి కూర్చోవచ్చు, నడవవచ్చు. అరచేతికి రక్తాన్ని తెచ్చే ధమని చిటికెన వేలి వైపు మరొకటి ఉంది. ఒకటి మూసుకుపోయినా సాధారణంగా రెండోది ఆదుకుంటుంది.

రైవల్ పేరిట 32 దేశాల్లో 7,021 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సూది గుచ్చిన చోట రక్తనాళానికి పెద్ద చిక్కులు కాలి దారిలో 3.7 శాతం మందికి, చేతి దారిలో 1.4 శాతం మందికి తలెత్తాయి. వీరంతా గుండెపోటుతోనో, ఆ ముప్పుతోనో వచ్చినవారు. కుదురుగా ఉన్న రోగికి కేవలం పరీక్ష మాత్రమే చేసేటప్పుడు రెండు దారుల్లోనూ ముప్పు ఇంతకంటే తక్కువే. చేతి దారిలో మొదలుపెట్టి కుదరక కాలికి మారవలసి వచ్చినవారు అదే అధ్యయనంలో 7.6 శాతం మంది. మణికట్టు ధమని వెడల్పు రెండు, మూడు మిల్లీమీటర్లే. పొట్టిగా ఉండే వృద్ధ మహిళల్లో అది ఇంకా సన్నం. గొట్టం తగలగానే బిగుసుకుపోతుంది. కనుక మధ్యలో కాలికి మారితే వైద్యుడి చేతకానితనమని బంధువులు అనుకోవలసిన పని లేదు. అనుభవం గడించిన వైద్యుల చేతిలో మణికట్టు దారికే మొగ్గు చూపాలని, గుండెపోటు రోగుల విషయంలో ఐరోపా నిపుణుల సంఘం 2015లో, అమెరికా సంఘాలు 2021లో సూచించాయి.

డయాలసిస్ రోగుల సంగతి వేరు

పరీక్ష తరువాత కొందరిలో మణికట్టు ధమని పూర్తిగా మూసుకుపోతుంది. చాలామందికి అది తెలియను కూడా తెలియదు. అయితే డయాలసిస్‌కు అవసరమైన ఫిస్టులాను ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపే తయారు చేస్తారు. ఆ ధమని పోతే ఫిస్టులాకు అనువైన చోటూ పోతుంది. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో క్రియాటినిన్ పెరిగి మందులు వాడుతున్నవారు, ఇంకా డయాలసిస్ దాకా రాకపోయినా, ఈ విషయాన్ని ముందే హృద్రోగ వైద్యుడి చెవిన వేయాలి. ఫిస్టులా ఉన్న చేతికి సూది తగలనివ్వకూడదు. ఇటువంటివారికి సాధారణంగా కాలి దారే మేలు. రంగు మందు సైతం మూత్రపిండాలపై భారం మోపుతుంది కనుక పాత రక్తపరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్లాలి.

బైపాస్ శస్త్రచికిత్స అయినవారి సంగతీ చెప్పవలసినదే. ఎడమ ఛాతీలోని ధమనిని గుండెకు కలిపి ఉంటే కుడి చేయి కంటే ఎడమ చేయి లేదా కాలు అనుకూలం. రక్తం పలచబడే మందులు వాడుతుంటే వాటి పేర్లు చెప్పాలి. వాటిని సొంతంగా మానరాదు.

ఇల్లు చేరాక

ఆస్పత్రి నుంచి పల్లెకు గంటల ప్రయాణం చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాలి నుంచి చేయించుకున్నవారు వారం పాటు బరువులెత్తరాదు. తొలి రోజుల్లో దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు గజ్జలపై అరచేయి అదిమి ఉంచాలి. చేతి నుంచి చేయించుకున్నవారు కొన్ని రోజులు ఆ చేత్తో బిందె ఎత్తడం, ద్విచక్ర వాహనం నడపడం మానాలి.

రక్తం కారితే వెంటనే పడుకోబెట్టి, గుడ్డతో ఆ చోట గట్టిగా నొక్కి పట్టి, 108కి ఫోన్ చేయాలి. ఆగిందో లేదో చూద్దామని మాటిమాటికీ గుడ్డ తీయరాదు. గజ్జల్లో గడ్డ పెరుగుతున్నా, నడుములోనో పొత్తికడుపులోనో నొప్పితో పాటు చెమటలు పట్టి కళ్లు తిరుగుతున్నా, వేళ్లు చల్లబడి పాలిపోయినా, ముంజేయి వాచి రాయిలా బిగుసుకున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తరలించాలి.